విడువబడినవారి వైపు నుండి: లక్ష్మీబాయి తిలక్ ‘స్మృతిచిత్రే’

క్రైస్తవ జీవితంలో దైవకార్యమే ఏకైక లక్ష్యంగా బ్రతకడమనే భావానికి మూలాలు వెదకినచో రెండు ఘట్టాలు ముందుగా కానవస్తాయి. ఒకటి ఫిలిప్పీయులకు పౌలు వ్రాసిన లేఖలో మూడవ అధ్యాయం: వెనుకటివి మరచి, ఎదుట ఉన్న గురి వైపే పరుగెత్తువాని చిత్రం. రెండవది లూకా సువార్తలో నాగటి మీద చేయి వేసినవాడు వెనుదిరిగి చూడరాదన్న క్రీస్తు హెచ్చరిక. ఆ లూకాయే మరియొక చోట, దేవుని రాజ్యం కొరకు విడిచిపెట్టిన వాటి వరుసలో ఇల్లు, తలిదండ్రులు, సోదరులు, బిడ్డలతో పాటు భార్యను కూడ పేర్కొన్నాడు. భక్తుల చరిత్రలు వ్రాసినవారు ఈ వరుసను విడిచినవాని వైపు నుండి చదివినారు. విడువబడినవారి వైపు నుండి చదివిన గ్రంథాలు ఏ భాషలోనైనా అరుదు. మరాఠీలో అట్టి గ్రంథం ఒకటి ఉన్నది. అది లక్ష్మీబాయి తిలక్ వ్రాసిన ‘స్మృతిచిత్రే’.

తిలక్ అనగానే మన పాఠకులకు లోకమాన్యుడో, ‘అమృతం కురిసిన రాత్రి’ కవియో స్ఫురించడం సహజం. ఇక్కడి ప్రసక్తి నారాయణ వామన తిలక్‌ను గురించి. రత్నగిరి జిల్లాలో చిత్పావన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ఆధునిక మరాఠీ కవిత్వానికి ఆద్యులలో ఒకడుగా పేరు గడించినవాడు. పూలను, పిల్లలను, వేటకాని దెబ్బకు కూలిన పక్షిని గురించి ఆయన వ్రాసిన కవితలకు మహారాష్ట్రంలో నేటికీ ఆదరం కలదు. రాజనందగావ్‌కు పోవు రైలుబండిలో ఒక ఐరోపా దేశస్థుడు ఆయన చేతిలో కొత్త నిబంధన పెట్టి, రెండేండ్లు గడవకముందే మీరు క్రైస్తవులవుతారని చెప్పిన ఉదంతం ప్రసిద్ధం. 1895 ఫిబ్రవరి 10వ తేదీన బొంబాయిలో తిలక్ బాప్తిస్మం పొందినాడు. అప్పుడు భార్య ఆయన చెంత లేదు.

ఆ భార్య 1868లో నాసిక్ సమీపాన జలాల్‌పూర్‌లో పుట్టినది. తండ్రికి మడి పిచ్చి. ఇంటిలోని వస్తువేదీ నీరు తగలకుండ ఉండరాదు. పదకొండవ ఏట పెండ్లి. బడి ముఖం ఎరుగదు. అక్షరాలు నేర్పినవాడు భర్తయే. తిలక్ 1919లో మరణించిన చాలా ఏండ్లకు, తండ్రి జీవితచరిత్రకు సామగ్రి సేకరిస్తున్న కుమారుడు దేవదత్తుడు, నీకు జ్ఞాపకమున్నది వ్రాసి ఇమ్మని తల్లిని కోరినాడు. ఒక మహాపురుషుని చరిత్రకు ముడిసరకుగా మొదలైన ఆ వ్రాత మరాఠీ గద్యంలో ఉత్తమ రచనలలో ఒకటిగా నిలిచినది. మొదటి భాగం 1934లో వెలువడినది. 1936లో లక్ష్మీబాయి గతించిన తర్వాత చివరి భాగం వెలుగు చూచినది.

ముడిసరకు అన్న మాటను కావాలనే వాడుతున్నాను. ఈ గ్రంథం బలమంతా అక్కడనే ఉన్నది. జీవితచరిత్రకారుడు ఏరి పారవేయునవి ఈమె దాచుకొన్నది. ఇంటి ఖర్చుకు ఉంచిన సొమ్ము ఎవరి కష్టానికో కరిగిపోవడం, చెప్పకుండ ఇల్లు విడిచిన మనిషి ఏ ఊరిలో ఉన్నాడో తెలియక ఎదురుచూచుట, ఉద్యోగం కుదిరినదని సామాను సర్దుకొనులోగా అది ఊడిపోవడం, తాటాకు మంట వంటి కోపం, ఆ కోపం చల్లారగానే పసిపిల్లవాని వలె బ్రతిమాలుకొనుట. మతం మారక మునుపే తిలక్ స్వభావం ఇది. ఆయన వెదకులాట క్రీస్తుతో మొదలు కాలేదు. వెదకులాటకు గురి మాత్రం క్రీస్తులో దొరికినది. ఈ సంగతి ఏ ఉపదేశకుడు చెప్పినా వాదం వలె వినబడును. లక్ష్మీబాయి వాదించదు. దినచర్య చెప్పుకొనిపోతుంది, మనకే అర్థమవుతుంది.

ఆమె హాస్యాన్ని గురించి విమర్శకులు చాలా వ్రాసినారు. నిజమే, భర్త మతిమరుపు మీద, అంతకు మించి తన అమాయకత్వం మీద ఆమె నవ్వు పుటపుటకు ఎదురవుతుంది. అయితే ఆ నవ్వును క్షమాగుణంగా లెక్క వేయడం తొందరపాటు. ఆ నవ్వులో లెక్క ఉన్నది. ఎంత సొమ్ము పోయినది, ఎన్ని దినాలు ఎదురుచూచినది, ఏ బంధువు గడపలో తల దాచుకొన్నది, అన్నీ జ్ఞాపకమే. బాకీ వసూలు చేయదలచుకోని మనిషి కూడ చిట్టా చింపివేయనక్కరలేదు. ఆ చిట్టాయే ఈ గ్రంథం.

ఇందులోని గుండెకాయ 1895 తర్వాతి ఐదేండ్ల ఎడబాటు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో, విశ్వాసం లేని భార్య భర్తతో ఉండ సమ్మతించినచో అతడామెను విడువరాదని విధించినాడు. ఆ నియమం ప్రకారం తిలక్‌పై దోషం మోపుటకు వీలు లేదు. ఆయన భార్యను విడువలేదు, రమ్మన్నాడు. కాని రావడమన్నది ఆనాటి బ్రాహ్మణ స్త్రీకి ఏమిటి? అన్నం పెట్టిన పుట్టింటివారిని, ఒడిలోని బిడ్డకు రేపటి సంబంధబాంధవ్యాలను, తన చేతి వంటను, తన మంచినీళ్ల బిందెను కూడ వదలుకొనడం. గురి చూచి పరుగెత్తువాడు దాటిపోయిన ఒక్క గీతను ఆమె అంగుళం అంగుళంగా దాటవలసి వచ్చినది. నాసిక్, పంఢరపురం వంటి చోట్ల ఆమె గడిపిన ఆ కాలపు పుటలలో దుఃఖం కలదు, కోపం కలదు. భర్త వ్యామోహంలో పడినాడని తిట్టిపోసిన బంధువుల మాటలకు ఆమె వంతపాడుట మాత్రం లేదు. తిరిగి భర్త చెంతకు చేరిన తర్వాత కూడ కొంతకాలం తన మడి తనదే, తన పొయ్యి తనదే.

ఆమె ముందు విడిచినది కులభేదాన్ని. బాప్తిస్మం తర్వాతిది, 1900లో. ఈ వరుస ముఖ్యం. భర్త క్రీస్తు వ్యక్తిత్వానికి ముగ్ధుడై, ఆపైన సంఘాన్ని చూచినాడు. భార్య తన తండ్రి ఇంటి మడి ఎంత మందిని మనుష్యులుగా చూడనీయలేదో ముందు గ్రహించినది. ఎవరి చేతి నీళ్లైనా త్రాగుటకు నిశ్చయించుకొన్నది. క్రీస్తు దగ్గరకు ఆ దారిన వచ్చినది. గమ్యం ఒక్కటి కావచ్చు. దారి భర్త వేసినది కాదు.

కనుకనే ఆంగ్లానువాదాల పేర్లు నాకు తృప్తి కలిగించవు. జోసెఫిన్ ఇంక్‌స్టర్ 1950లో ప్రచురించిన అనువాదానికి ‘ఐ ఫాలో ఆఫ్టర్’ అని పేరు. పౌలు పరుగును వర్ణించిన ఆ మూడవ అధ్యాయంలోని పలుకుబడియే అది. గురి వైపు సాగిపోవు భక్తుని మాటగా అది గంభీరమైనదే. కాని భార్య వ్రాసిన పుస్తకం అట్టపై చేరేసరికి భర్త వెనుక నడచిన ఇల్లాలన్న అర్థం దానంతటదే అంటుకొన్నది. 2017లో శాంతా గోఖలే అనువాదం వచ్చినది. సంక్షేపాలతో తృప్తిపడక గ్రంథాన్ని నిండుగా అందించిన మేలు ఆమెది. దాని ఉపశీర్షిక ‘ది మెమ్వార్స్ ఆఫ్ ఎ స్పిరిటెడ్ వైఫ్’. మొదటి పేరు లక్ష్మీబాయిని శిష్యురాలిని చేస్తే, రెండవది గడుసు ఇల్లాలిని చేసినది. మరాఠీ పేరు ఏ పక్షమూ వహించదు: జ్ఞాపకాల చిత్రాలు, అంతే.

మహారాష్ట్ర భక్తి సంప్రదాయంలో ఇటువంటి భార్యకు ఒక స్థానం ముందే సిద్ధంగా ఉన్నది. తుకారాం వారధి మీదుగా తాను క్రీస్తును చేరినానని తిలక్ చెప్పుకొన్న మాట లోకప్రసిద్ధం. ఆయన అభంగాలలో ఆ వారసత్వం స్పష్టం. తుకారాం కథలోనే ఆవలి ఉన్నది. విఠోబా ధ్యాసలో పడి సంసారం మరచిన భర్తను, ఆ విఠోబాను కలిపి దెప్పునట్టి ఇల్లాలిగా హరికథలలో శ్రోతలను నవ్వించు పాత్ర ఆమె. ఇంటిలో గింజలు లేవని గుర్తు చేయడమే ఆమె చేసిన నేరం. తుకారాంకు నోరు ఉన్నది, అభంగం ఉన్నది. ఆవలిని గురించి ఇతరులు చెప్పినదే మనకు మిగిలినది. తిలక్ ఆ వారధిని దాటినప్పుడు తుకారాం ఇంటి పరిస్థితిని కూడ వెంట తెచ్చుకొన్నాడు. ఈ సారి ఆవలికి అక్షరాలు వచ్చును. ‘స్మృతిచిత్రే’ను క్రైస్తవ సాక్ష్యగ్రంథాల వరుసలో మాత్రమే నిలుపువారు ఈ సంబంధాన్ని గమనింపక పోవడం వింత.

1917 నాటికి తిలక్ నిష్ఠ మరింత తీక్ష్ణమైనది. అమెరికన్ మరాఠీ మిషన్ జీతాన్ని వదలి, సన్న్యాసం ప్రకటించి, బాప్తిస్మం పొందినవారు పొందనివారు అను భేదం లేక క్రీస్తు భక్తులందరికి చోటు ఉండు ‘దేవాచా దర్బార్’ను సంకల్పించినాడు. పరదేశీయుల పోషణ నుండి భారతీయ క్రైస్తవం విడివడవలెనన్న ఆలోచన అందులో ఉన్నది. చరిత్రకారుడు ఇక్కడ ఆగి నమస్కరిస్తాడు, నమస్కరించవలసినదే. అయితే ఆ జీతం ఒక ఇంటి జీతం కూడ. ఆ ఇంటిలో కన్నబిడ్డలే గాక చేరదీసినవారు ఉన్నారు; తార అను అనాథ బాలిక ఆ ఇంటి కూతురై పెరిగినది. అహమదునగరంలో ప్లేగు చెలరేగినప్పుడు రోగులకు ఉపచారం చేసిన చేతులలో లక్ష్మీబాయి చేతులు కూడ ఉన్నవి. దైవకార్యమన్న పేరు పెట్టకుండ ఆమె చేసిన ఈ పనులు గ్రంథంలో కూరగాయల బేరం, పిల్లల జ్వరం మధ్య కలిసిపోయి ఉంటాయి. ఆయనది ఒక్క గురి. ఆ గురి చెదరకుండుటకు ఆమె నూరు దిక్కులు చూచుకొనవలసి వచ్చినది. ఈ రెండింటిలో ఏది భక్తి అని అడిగినచో, పౌలు లేఖను ప్రక్కన పెట్టుకొని కూడ సులభంగా సమాధానం చెప్పలేము.

గ్రంథంలో లోపాలు లేకపోలేదు. జ్ఞాపకం వెంట కలం పరుగెత్తగా కాలక్రమం తారుమారవుతుంది. అందరికి తెలిసినవారేనన్నట్లు పేర్లు వచ్చి పోతాయి. బాప్తిస్మానికి ముందరి భాగంలోని బిగువు తరువాతి భాగాలలో కొంత సడలినది. ఎడబాటు తీరిన వెనుక కథకు లోపలి ఒత్తిడి తగ్గుట అందుకు కారణం కావచ్చు.

తిలక్ తలపెట్టిన ‘క్రిస్తాయన’ కావ్యం పది పదకొండు అధ్యాయాల దగ్గర ఆగిపోగా, మిగిలిన అరవైకి పైబడిన అధ్యాయాలు వ్రాసి ముగించినది లక్ష్మీబాయి. భర్త ఆశయాన్ని భార్య నెరవేర్చినదని దీనిని పొగడుట మామూలు. లెక్క చూచినచో ఆ కావ్యంలో అధికభాగం ఆమెదే. అక్షరాలు భర్త దగ్గర నేర్చుకొన్న మనిషి అంతటి పని ముసలితనంలో పూర్తి చేసినదంటే, ఏకనిష్ఠ ఒక్క తిలక్ సొత్తని అనలేము. అయినా నా మట్టుకు, ఆ కావ్యం కంటె ఆమె గద్యమే మిన్న. కావ్యంలో సంప్రదాయపు ఛందస్సు ఆమెను నడిపినది. గద్యంలో ఆమెయే భాషను నడిపినది.

ఇక అనువాదకుని మాట. మరాఠీలోని ‘సోవళే’ను ఆంగ్లంలో చెప్పుటకు ఒక వాక్యం కావలెను, మనకు ‘మడి’ అన్న రెండక్షరాలు చాలును. మైల, అంటు, ఎంగిలి, వాటి చుట్టు అల్లుకొన్న గృహపు భాష అంతా తెలుగులో సిద్ధంగా ఉన్నది. చిక్కు వేరొక చోట వస్తుంది. లక్ష్మీబాయి భర్తను గ్రంథమంతటా ‘తిలక్’ అనియే, మరాఠీ మర్యాద ప్రకారం బహువచనంలో పేర్కొంటుంది. ఆ పిలుపులో గౌరవం ఉన్నది, కొంత దూరం ఉన్నది, ఒక ప్రసిద్ధ వ్యక్తిని పరిశీలిస్తున్న చూపు ఉన్నది. ఆ తరపు తెలుగు ఇల్లాలి నోట ‘మావారు’, ‘వారు’, ‘ఆయన’ అన్నవే సహజం. ‘మావారు’ అనగానే దూరం పోయి గ్రంథం ఇంటి కబురవుతుంది. ‘తిలక్ అన్నారు’ అని ఉంచినచో మొదటి పుటలలో చెవికి ఎబ్బెట్టు. అయినను ఉంచుటయే మేలని, కొన్ని పుటలు తెనిగించి చూచిన మీదట నాకు తోచినది. నాలుగైదు పుటలు దాటగానే చెవి సర్దుకొంటుంది.

మన క్రైస్తవ సాహిత్యంలో కీర్తనకు, కావ్యానికి కొదువ లేదు. పురుషోత్తమ చౌదరి కీర్తనలు నేటికీ ఆరాధనలలో పాడుతున్నారు. జాషువ ‘క్రీస్తు చరిత్ర’ 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందినది. నిష్ఠావంతుని ఇంటి లోపలి మాటను చెప్పు గద్యం వైపు మాత్రం మన దృష్టి అంతగా పోలేదు. ఇది క్రైస్తవులకే పరిమితమైన కొరత కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిగినప్పుడు వంటవారు, నీళ్లవారు రాక మానుకొనగా, గోదావరి నుండి నీళ్లు మోసి వంట చేసినది రాజ్యలక్ష్మమ్మ. ఆ సంగతి మనకు వీరేశలింగం పంతులు వలన తెలిసినది. ఆయన ‘స్వీయచరిత్రము’లో ఆమె సహాయం, ధైర్యం కృతజ్ఞతతో వ్రాయబడినవి. ఆ బిందెల బరువు ఎంతో ఆమె మాటలలో మనకు లేదు.