ఊరికే కూర్చునే చోటు

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి రాసిన 'వై లాయిటర్?' 2011లో వచ్చింది. ముంబయిలో ఆడవాళ్ళు ఏ పనీ లేకుండా తిరగొచ్చా, ఊరికే కూర్చోవచ్చా అన్నదే అందులోని ప్రశ్న. మొదటిసారి చదివినప్పుడు మహానగరం ఆడవాళ్ళ గొడవ అని పక్కన పెట్టేశాను. ఈమధ్య తాండూరు నుంచి వికారాబాదుకి రైల్లో వెళ్తూ మళ్ళీ చదివితే, అది మా గొడవే అనిపించింది.

రచయిత్రులు సరిగ్గా పట్టుకున్న విషయం ఒకటుంది. బయట కనిపించే ఆడమనిషి దగ్గర ఒక కారణం ఉండాలి. కూరల సంచీయో, పిల్లాడి బడి బ్యాగో. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మాకు టికెట్టు డబ్బులు లేవు. అప్పట్నుంచీ "ఊరికే తిరుగుతున్నరు" అన్న ఎత్తిపొడుపు ఎన్నిసార్లు విన్నానో! పాపం, అన్నవాళ్ళకి తెలియకుండానే పుస్తకం పేరుని తెలుగు చేసిపెట్టారు.

2021 ఆగస్టులో హైదరాబాదు ఇందిరాపార్కు దగ్గర పెళ్ళికాని జంటలకి ప్రవేశం లేదని బ్యానరు కట్టారు. విమర్శలు రాగానే తీసేశారు. చూపులకి బ్యానరుతో పనిలేదు కదా.

అయితే ఒకచోట నాకు ఈ పుస్తకంతో పేచీ ఉంది. భద్రత పేరుతో మమ్మల్ని ఇంట్లో ఉంచకండి, ప్రమాదానికి ఎదురెళ్ళే హక్కు మాకూ కావాలి అంటారు వాళ్ళు. నిజమే. కానీ నా చిన్ననాటి స్నేహితురాలు పోలియో వల్ల చంకకర్రలతో నడుస్తుంది. ఓ సాయంత్రం ఇద్దరం కొత్తగా బాగుచేసిన ఒక పార్కుకి వెళ్ళాం. పశువులు రాకుండా గేటు దగ్గర ఇనుప పైపులు పాతారు. మనిషి పక్కకి తిరిగి దూరాలి. కర్రలతో ఎలా దూరుతుంది? అవతల దారంతా మా తాండూరు బండలే, నున్నగా పాలిష్ పట్టినవి. అప్పుడే వాన వెలిసింది.

"లోపలికి పోయి ఏం జేస్తమే, ఈడనే కూసుందాం" అంది.

ఆమె అక్కడ జారిపడితే అది ఆమె కోరుకున్న సాహసం కాదు. మనం అడిగి తీసుకునే ప్రమాదం వేరు, ఇంకొకరు గీసిన ప్లాను మన కాళ్ళకింద పెట్టే ప్రమాదం వేరు. ఈ తేడా దగ్గర పుస్తకం ఇంకాస్త ఆగి ఉండాల్సింది.

2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల ర్యాంపు ఉండాలని మార్గదర్శకాలూ ఉన్నాయి. అవి సలహాలుగా మిగిలిపోతే కుదరదని, తప్పనిసరి నిబంధనలు చెయ్యాలని 2024 నవంబరులో రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

వియన్నాలో 1990లలో, తొమ్మిదేళ్ళు దాటిన ఆడపిల్లలు పార్కుల్లోంచి మాయమవుతున్నారని గమనించారు. ఉన్న ఒక్క పెద్ద ఆటస్థలాన్నీ మగపిల్లలు ఆక్రమిస్తే వీళ్ళు తప్పుకుంటున్నారు. స్థలాన్ని చిన్న భాగాలు చేసి, దారులు పెంచి చూస్తే, ఆడపిల్లలు తిరిగొచ్చారు. ఎవరు రావడం లేదు అని ముందు లెక్కపెట్టడం వాళ్ళ పద్ధతి. మన దగ్గర బాగుచెయ్యడమంటే రంగులు, ఓపెన్ జిమ్, సెల్ఫీ పాయింటు. మరుగుదొడ్డి మీద ఈ పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. పార్కుకి వస్తానని చెప్పిన రోజు పొద్దుటి నుంచీ మా స్నేహితురాలు మంచినీళ్ళు తాగలేదట, తర్వాతెప్పుడో చెప్పింది.

గేటు బయట గట్టుమీద కూర్చున్న మమ్మల్ని చూసి వాచ్‌మన్ వచ్చాడు.

"ఎవరికోసం చూస్తున్నరమ్మా?"

"ఎవరికోసం లేదు, ఊరికెనే" అంది నా నేస్తం.

అతను నమ్మినట్టు లేడు. పదినిమిషాలయ్యాక మళ్ళీ వచ్చి అదే అడిగాడు.