ప్లేటు చూసి డ్రైవర్‌ని పట్టే మేస్త్రీ

తలుపుల, కదిరి వైపు మెకానిక్ షెడ్లలో పాత క్లచ్ ప్లేటు చేతికొస్తే చాలు, చెయ్యి తిరిగిన మేస్త్రీ ఆ కారు నడిపినవాడి అలవాట్లు చెప్పేస్తాడు. లైనింగ్ సమంగా అరిగి రివెట్ల దాకా వస్తే వయసైపోయిందని. ప్రెషర్ ప్లేటు మీద నీలి మచ్చలుంటే? కాల్చేశారన్నమాట.

పెడల్ సగం తొక్కి ఉంచినంతసేపూ ఫ్లైవీలూ ప్లేటూ వేర్వేరు వేగాలతో రాసుకుంటాయి. ఆ వేడే లైనింగ్‌ను తినేస్తుంది. కదిరి నరసింహస్వామి తేరు రోజు ట్రాఫిక్‌లో క్లచ్ మీంచి కాలు తీయనివాళ్లు, మిట్టలో హ్యాండ్‌బ్రేక్ మరిచి క్లచ్‌తోనే బండిని నిలబెట్టేవాళ్లు షెడ్డుకి త్వరగా వస్తారు. బండి ఆగగానే న్యూట్రల్ చేసి కాలు తీసేవాళ్లు చాలా ఆలస్యంగా కనిపిస్తారు.

మేస్త్రీ తొందరపడి గేర్‌బాక్స్ దించడు. ముందు హ్యాండ్‌బ్రేక్ బిగించి, పై గేరు వేసి, క్లచ్ మెల్లగా వదులుతాడు. ఇంజన్ ఆగిపోతే ప్లేటు ఇంకా పట్టుమీదే ఉంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే మార్చాల్సిందే. పైసా ఖర్చులేని ఈ పరీక్ష ముచ్చటగా ఉంటుంది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా, 2020లో తన సోనెట్ కారుకు క్లచ్ పెడల్ లేని మాన్యువల్ గేరు ఇచ్చింది. పెడల్ పోయింది గానీ, లోపల అరిగే ప్లేటు అలాగే ఉంది.