గుడ్డుపెంకంత పింగాణీ

నల్లటి గుడ్డ మీద ఎనిమిది ముక్కలు వరుసగా పేర్చి ఉన్నాయి. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక కుర్రవాడి పై వరస ముందుపళ్ల మీద అంటించేందుకు చేసిన పలుచని పింగాణీ పొరలు, వినీర్లు అవి. వాటిని చేసిన సెరమిస్టు ఒకదాన్ని పట్టకారుతో ఎత్తి, కాస్త తడిపి, నా చూపుడువేలి కొస మీద ఉంచాడు. నడుమ అర మిల్లీమీటరు మందం. చిగురు వైపు అంచు 0.3 మిల్లీమీటర్లు, అంటే కోడిగుడ్డు పెంకంత. "నొక్కకండి సార్. ఇప్పుడది పెంకే. అంటించాకే పన్ను" అన్నాడు.

ఆ ముక్కను కిటికీ వైపు తిప్పి చూసినప్పుడు ఈ పని గొప్పదనం నాకు మొదటిసారి అర్థమైంది. పళ్లను తెల్లగా చేయడం ఇందులో చాలా చిన్న సంగతి. వెలుతురు పంటిలోకి ఎంత లోతుకు పోవాలో, ఎక్కడ ఆగాలో, ఏ రంగు వేసుకుని వెనక్కి రావాలో నిర్ణయించడమే అసలు పని.

పన్ను తెల్లగా ఉంటుందని మనకు ఒక నమ్మకం. పలువరుసను మల్లెమొగ్గలతో పోల్చి కవులు దాన్ని స్థిరపరిచారు. పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి ఒక్క ముందుపన్నును నిదానంగా చూడండి. చిగురు దగ్గర లేత పసుపు. అక్కడ పైపొర అయిన ఎనామిల్ పలచన కాబట్టి లోపలి డెంటిన్ రంగు పైకి తేలుతుంది. కిందికి వచ్చేకొద్దీ ఎనామిల్ మందమై పసుపు తగ్గుతుంది. కొస దగ్గర డెంటిన్ అయిపోయి ఎనామిల్ ఒక్కటే మిగులుతుంది. అక్కడ నీలం కలిసిన బూడిద ఛాయ, ఆ నీలంలోకి మూడు వేళ్లలా చొచ్చుకొచ్చి ఆగిపోయే డెంటిన్ కొసలు, చిట్టచివర వెంట్రుకంత తెల్లటి గీత. ఇదే పన్నుకు వెనకనుంచి దీపం చూపిస్తే నీలం మాయమై నారింజ రంగు వస్తుంది. ఎనామిల్‌లోని సూక్ష్మ స్ఫటికాలు నీలి కాంతిని వెనక్కి చెదరగొట్టి, ఎర్రని కాంతిని ముందుకు పోనిస్తాయి. ఆకాశం మధ్యాహ్నం నీలంగా, సాయంత్రం నారింజగా ఉండటానికి కారణమూ ఇలాంటిదే. అంత ఆకాశాన్ని ఆ సెరమిస్టు అర మిల్లీమీటరులో ఇమిడ్చాలి.

అతని బల్ల మీద గాజు పలక, సన్నటి కుంచెలు, చిన్న చిన్న సీసాల్లో పింగాణీ పొడులు ఉన్నాయి. డెంటిన్‌కు ఒక పొడి, ఎనామిల్‌కు ఒకటి, కొస నీలానికి ఒకటి, ఆ తెల్లగీతకు ఇంకొకటి. ద్రవంతో కలిపినప్పుడు చూస్తే దేని అసలు రంగూ తెలియదు. కాలిన తర్వాతే బయటపడుతుంది. అంటే అతను కంటికి కనిపించని రంగులతో, జ్ఞాపకం మీద ఆధారపడి వేస్తున్నాడు. వేడిని తట్టుకునే ప్రత్యేకమైన అచ్చు మీద కుంచె కొసతో ఒక్కో చుక్క పెడుతూ, టిష్యూ కాగితంతో అదనపు తడిని పీల్చేస్తూ, అచ్చును మెల్లగా తట్టి పొడి రేణువులను దగ్గరకు చేరుస్తూ పోతాడు. తడి ఎక్కువైతే పొరలు జారి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆరిపోతే పొడిపొడిగా రాలిపోతాయి. ఆ రెంటి నడుమ అతనికి దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కొద్దిసేపూ అతను మాట్లాడలేదు, నేనూ ప్రశ్నలు ఆపేశాను.

తర్వాత కొలిమి. గాలి తీసేసిన గదిలో, 900 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా రేణువులు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. వాటి మధ్య ఖాళీలు మూసుకుపోవడంతో ముక్క కుంచించుకుపోతుంది. అందుకే ముందే కావలసినదానికన్నా పెద్దగా కడతాడు. ఎంత పెద్దగా అన్నది కొలబద్దతో తేల్చేది కాదు, చేతికి అలవాటు కావలసిందే. కాల్చడం, చూడటం, లోటు ఉన్నచోట మళ్లీ పొర వేసి కాల్చడం.

రంగు కుదిరాక ఉపరితలం. కుర్రవయసు పంటి మీద అడ్డంగా సన్నటి అలలు ఉంటాయి, ఎనామిల్ పెరిగిన గుర్తులవి. వయసుతో అరిగి నున్నబడతాయి. ఇరవై ఏళ్లవాడికి నున్నటి పన్ను పెడితే, ఎందుకో చెప్పలేకపోయినా చూసేవాళ్ల కన్ను ఏదో తేడా పసిగడుతుంది. సన్నటి మొనతో ఆ అలలను గీసి, మీద వెండి పొడి అద్ది చూశాడు. పొడి మెరుపులో రంగంతా అణిగిపోయి గీతలు మాత్రమే లేచాయి. ఎడమవైపు పన్ను మీద గీతలు కుడిదానితో అచ్చు గుద్దినట్టు సరిపోయాయని చూసి, రెండు గీతలు మార్చాడు.

ఈ విద్యకు మూలం హాలీవుడ్. లాస్ ఏంజెలెస్ పళ్ల డాక్టరు చార్లెస్ పింకస్ 1930లలో సినిమా తారల కోసం ముందుపళ్ల మీద తగిలించే పలుచని తొడుగులు చేశాడు. కట్టుడుపళ్లను అంటించే పొడితో అవి షూటింగు సేపు నిలిచేవి, భోజనానికి ముందు తీసేయాల్సిందే. అందం ఉంది, అతుకు లేదు. 1955లో అమెరికాలోని రోచెస్టర్‌లో మైఖేల్ బ్యూనకోర్ ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో గరుకుగా చేస్తే రెసిన్ దాన్ని గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. పింగాణీ లోపలివైపును హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో అలాగే గరుకు చేయవచ్చని సైమన్‌సెన్, కలామియా 1983లో నిరూపించాక గాని రెండు వైపులా అతుకు పూర్తి కాలేదు. చేతిలో చిట్లిపోయే పెంకు ఎనామిల్‌కు అంటుకోగానే దానితో ఒకటై కొరుకుడు బరువు మోస్తుంది. నాకు ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యం ఇదే.

అందుకే మంచి డాక్టరుకు ఎనామిల్ అంటే ప్రాణం. డెంటిన్ మీద ఈ పట్టు అంత నమ్మకమైనది కాదు. అరగదీసిన ఎనామిల్ మళ్లీ పుట్టదు. పన్ను చుట్టూ తీసి క్రౌన్ తొడిగితే బయటికి కనిపించే పంటిలో 63 నుంచి 72 శాతం పోతుందని, వినీరుకైతే 3 నుంచి 30 శాతమేనని 2002లో ఎడెల్‌హాఫ్, సోరెన్‌సెన్ తూచి చెప్పారు. వినీర్ల పేరు చెప్పి బాగున్న పళ్లను మొద్దుల్లా చెక్కేసి క్రౌన్లు తొడిగే పని చూస్తే నాకు బాధే కాదు, కోపం కూడా వస్తుంది.

అందుకే పంటిని చెక్కే ముందు మైనంతో కొత్త పళ్ల ఆకారం కట్టి, దాని సిలికోన్ అచ్చుతో పంటిరంగు రెసిన్‌ను నోట్లో పోస్తారు. ఒక్క నలుసు కూడా చెక్కకుండానే రాబోయే పలువరుస అద్దంలో కనిపిస్తుంది. అప్పుడు మాట్లాడించి చూస్తారు. మన భాషలో ఇది చక్కని పరీక్ష. 'వ' దంతోష్ఠ్యం. పైపళ్ల కొసలు కింది పెదవిని తాకీతాకకుండా తాకాలి. పన్ను రవ్వంత పొడుగైతే 'వాన', 'ఫోను' పెదవిని గుచ్చుతాయి. త, ద లాంటి దంత్యాలకు నాలుక ఆనేది పంటి వెనకవైపు, అక్కడ వినీరు చేరదు కాబట్టి అవి మారవు. ఆ రెసిన్ మీదనుంచే లోతు కొలిచి, కావలసిన చోట కావలసినంతే చెక్కుతారు.

ఆ కుర్రవాడి పళ్లు ఎందుకు కష్టమైనవో ఇప్పుడు చెప్పాలి. అవి ఫ్లోరైడ్ పళ్లు. మన దేశంలో ఈ జబ్బును 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించారు. నల్గొండ ఊళ్లకు ఇది తరాల బాధ. పన్ను చిగురు లోపల తయారవుతున్న పసితనంలో తాగిన నీటిలోని ఎక్కువ ఫ్లోరైడే ఎనామిల్‌లో గోధుమరంగు మచ్చలుగా మిగులుతుంది. తర్వాత ఊరికి మంచినీళ్లు వచ్చినా ఆ మచ్చ పోదు. తేలిక మచ్చలకు పైపొరను రుద్ది తీయడం, బ్లీచింగ్ సరిపోతాయి, ముందు వాటినే ప్రయత్నించాలి. ఇతని మచ్చలు ముదురువి.

పలుచని పింగాణీ గుండా గోధుమరంగు కనిపిస్తుంది. కనిపించకుండా చిక్కటి తెలుపు వేస్తే పన్ను సున్నం కొట్టిన గోడలా అవుతుంది. సెరమిస్టు చేసిందేమిటంటే, అడుగున మచ్చను ఆపే పొర ఒక్కటి మాత్రం ఎంత పలచగా వేయగలడో అంత పలచగా వేసి, మిగిలిన మందమంతా వెలుతురుకు వదిలేశాడు. ఇప్పుడు మిషన్‌తో చెక్కే లిథియం డైసిలికేట్ అనే పదార్థం ఉంది, దాని బలం దాదాపు 400 మెగాపాస్కల్స్. ఈ పొడి పింగాణీకి వందైనా ఉండదు. మిషన్ చెక్కిన ముక్క చక్కగా అతుకుతుంది, చాలామందికి అది చాలు కూడా. అయినా రంగు పైన పూసిన ముక్కకూ, లోపల పొరలుగా కట్టిన ముక్కకూ తేడా వెలుతురు మారినప్పుడు తెలుస్తుంది.

అంటించే రోజు నేనూ వెళ్లాను. ఫ్లోరైడ్ పట్టిన ఎనామిల్ ఆమ్లానికి త్వరగా లొంగదు, అందుకని డాక్టరు మామూలుకన్నా ఎక్కువసేపు ఉంచి కడిగారు. ఆరబెట్టాక పన్ను సుద్దముక్కలా పాలిపోయింది. రెసిన్ పూసిన ముక్కను ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టి, అంచుల్లో పొంగినది తుడిచి, నీలి దీపం పట్టారు. ఒకదాని తర్వాత ఒకటి, ఎనిమిదీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది.

కుర్రవాడు అద్దం అడిగాడు. సెరమిస్టు మాత్రం అతన్ని లేపి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. "వాన అనండి తమ్ముడూ" అన్నాడు. అతను అన్నాడు. సెరమిస్టు ముఖం పక్కకు వాల్చి, ఆ పళ్ల కొసల్లో నీలం కోసం వెతుకుతున్నాడు.