ఉసామా గ్రంథమున ఒక విందు

క్రూసేడులనగానే మావంటి మెట్రిక్యులేషను చదువరులకు ముందుగా స్ఫురించునది వాల్టర్ స్కాటు 1825లో ప్రకటించిన ‘టాలిస్‌మన్’ నవల. అందు సలాదీను వైద్యుని వేషమున శత్రుశిబిరమునకు వచ్చి, జ్వరపీడితుడైన ఇంగ్లండు రాజు రిచర్డును స్వస్థపఱచును. కథ రమ్యమే, చిన్ననాడు మేమును మురిసితిమి. కాని వాస్తవమున ఆ యిరువురును ఒకరినొకరు చూచుకొననే లేదు. రిచర్డు రోగియైనపుడు సలాదీను పండ్లును మంచును పంపిన మాట చరిత్రమున గలదు. 1191 ఆగస్టులో, ఆక్రా కోట పట్టుబడిన పిదప, రిచర్డు సుమారు 2,700 మంది బందీలను వధింపించిన మాటయు అదే చరిత్రమున గలదు. 1187లో హత్తీను యుద్ధానంతరము సలాదీను సైతము టెంప్లరు, హాస్పిటలరు వీరులను చంపించెను. స్కాటు కథను నడిపించునది ఆ పండ్లవంటి మర్యాదయే గాని ఈ నెత్తురు కాదు. డేరాలలో రాజులు నెఱపు మర్యాదవలన బజారులోని సామాన్యునకు ఏమి యొరిగెనో ఆ నవల చెప్పదు.

అది తెలియగోరువారు ఉసామా ఇబ్న్ మున్కిధ్ స్మృతిగ్రంథము ‘కితాబుల్ ఇతిబార్’ చదువవలెను. పోపు రెండవ అర్బను క్లెర్మాంటులో యుద్ధమునకు పిలుపునిచ్చిన 1095వ సంవత్సరముననే ఉసామా సిరియాలోని షైజరు కోటయందు జన్మించెను; 1188లో డమాస్కసున మరణించెను. తొంబదేండ్ల ముదిమిలో చెప్పి వ్రాయించిన గ్రంథమిది. దీని ప్రతి, మొదటి పత్రములు లేకయే, స్పెయినులోని ఎస్కోరియల్ గ్రంథాలయమున దొరకినది. ఫిలిప్ హిట్టి ఆంగ్లానువాదము 1929లో వెలువడినది. గ్రంథమున వరుస లేదు. సింహపు వేటనుండి యుద్ధమునకు, అటనుండి వైద్యమునకు దుముకును. ఫ్రాంకుల పేరెత్తిన చాలు, అనగా పడమటినుండి వచ్చిన ఆ క్రైస్తవుల మాట వచ్చినదే తడవు, శపించును. ధైర్యము తప్ప వారికి వేఱు గుణము లేదనును. అట్టివాడే తన్ను ‘సోదరా’ యని పిలిచిన ఫ్రాంకు వీరుని గూర్చియు చెప్పును. ఆ వీరుడు ఉసామా కుమారుని తన దేశమునకు కొనిపోయి బుద్ధులు నేర్పింతునన్నాడట! ‘వాని నాయనమ్మ ఒప్పుకొనదు’ అని ఉసామా తప్పించుకొనెను. అవ్వ మాట జవదాటరాదని వీరుడును ఒప్పుకొనెను.

కొత్తగా దిగిన ఫ్రాంకులు మోటువారనియు, చిరకాలము కాపురముండి ముస్లిముల సహవాసము మరిగినవారు మెఱుగనియు ఉసామా అభిప్రాయము. పరభాషాప్రాంతములందు తరతరములుగా నున్న మన కుటుంబములవారికి ఈ మాట చెవికింపుగా నుండును. కాని పోలికను సాగదీయరాదు. ఫ్రాంకులు కత్తితో వచ్చిరి. మన పెద్దలలోను కొందఱు విజయనగర సేనల వెంట తమిళదేశమునకు వచ్చినవారేయన్నది వేఱు విషయము.

ఉసామా తన మాటకు ఉదాహరణముగా ఒక విందు కథ చెప్పును. అతడు పనిమీద అంతియోకునకు పంపిన మనుష్యుని అచ్చటి మిత్రుడొకడు ఒక ముసలి ఫ్రాంకు వీరుని యింటికి తోడుకొనిపోయెను. ఆ వీరుడు తొలి దండయాత్రలో వచ్చినవాడు. కొలువునుండి విరమించి మాన్యముపై జీవించుచుండెను. మావంటి పింఛనుదారన్నమాట! వడ్డించిన పదార్థములను అతిథి ముట్టకుండుట చూచి, తన యింట వండువారు ఈజిప్టు స్త్రీలనియు, పందిమాంసము గడప తొక్కదనియు చెప్పెను. అతిథి బెదరుచునే తినెను. తరువాత బజారులో ఒక ఫ్రాంకు స్త్రీ అతనిని పట్టుకొని ఏదో అఱచెను; ఆ భాష అతనికి తెలియదు. గుంపు కూడెను. చావు తప్పదనుకొనుచుండగా ఆ ముసలివాడే వచ్చి, ‘ఇతడు వర్తకుడు, యుద్ధము చేయువాడు కాడు’ అని గద్దించి, గుంపును చెదరగొట్టి, చేయి పట్టుకొని నడిపించుకొనిపోయెను. ఆ భోజనమే తన ప్రాణము కాచినదని అతిథి చెప్పుకొనెను.

స్కాటు రాజుల మర్యాదకన్న ఈ పూటకూడు మాకు గొప్పగా తోచును; ముసలివాడు తనవారి గుంపు నెదిరించి నిలిచినాడు. అయినను ఉసామా కలము ఒకచోట చప్పున దాటిపోయినది. ఆ స్త్రీ అఱచినది తన సోదరుని ఇతడు చంపెనని. సోదరుని పేరు హుర్సో, అఫామియాలో వీరుడు, అతనిని చంపినది హమా సేనలోని యెవడో యని ఉసామాయే చెప్పును. అతిథి నిర్దోషి. కాని సోదరుడు చచ్చిన మాట నిజము. గుంపు చెదరిన పిదప ఆమె ఏమైనదో గ్రంథమున ఒక్క పంక్తియు లేదు.