కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి విజ్ఞాన వితరణము

ఆంధ్ర వాఙ్మయమున కవులకు కొదువ లేదు. తాము నేర్చినదానిని నేర్వనివారికి పంచిపెట్టుటయే జీవిత వ్రతముగా గైకొన్నవారు మాత్రము అరుదు. అట్టివారిలో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పంతులుగారు (1877–1923) అగ్రగణ్యులు. వారి కృషిని స్తుతించుట సులభము. తూచి చూచుట కష్టము. ఆ రెండవ పనియే ఇచట మనకు కావలసినది.

పంతులుగారు కృష్ణా మండలమునందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. వారి చదువు సాగినది మాత్రము నాగపురమున. మనవలెనే వారును పరభాషా ప్రాంతమున పెరిగినవారు. మరాఠీ నేర్చి, ఆ భాషా పత్రికలకు వ్యాసములు వ్రాసిరి. అయినను తెలుగును విడువలేదు. అక్కగారైన భండారు అచ్చమాంబ బడి మెట్టెక్కి యెరుగరు. తమ్ముడు తాను చదివినది ఇంట అక్కకు చెప్పెడివాడు. ఆ యక్కగారే పిదప ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించిరి. పంతులుగారి విద్యాదానము ఒక వంటయింటి గడపలోపలనే ఆరంభమైనదనుట అతిశయోక్తి కాదు.

1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారిలో వారొకరు. మునగాల రాజావారును, రావిచెట్టు రంగారావుగారును వారికి తోడైరి. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి వెలసెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి ‘అబ్రహాము లింకను చరిత్ర’తో దాని గ్రంథమాల మొదలయ్యెను. చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’, ఆచంట లక్ష్మీపతిగారి ‘జీవశాస్త్రము’ వంటివి పిమ్మట వచ్చెను. అంతవరకు వచనమనగా కథయో, నీతియో అని తలచిన పాఠకునికి చరిత్రయు, ప్రకృతి శాస్త్రములును తన భాషలోనే చదువదగినవని మండలి రుజువు చేసెను. ఆంగ్లము రానివాడు అజ్ఞానిగా ఉండనక్కరలేదనుటయే దాని సారాంశము.

ఇక ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’. ఇది వారి కీర్తికి శిఖరము. వారి పద్ధతిలోని లోపమునకును ఇదియే నిదర్శనము. మూడు సంపుటములు వెలువడియు గ్రంథము అకారమును దాటలేదు. అకారాదిక్రమము నిఘంటువునకు తగును. చాలినంత ధనమును, పరివారమును లేని దేశమున విజ్ఞాన సర్వస్వమును ఆ దారిని నడిపించినచో, మొదటి అక్షరము వద్దనే ఆయుస్సు తీరును. అట్లే జరిగెను. నలువదియారవ యేట పంతులుగారు కన్నుమూసిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ భారమును తలకెత్తుకొనిరి. 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి విషయానుక్రమమున, చరిత్రకొక సంపుటము, శాస్త్రమునకొక సంపుటముగా ప్రకటించి, ఆ చిక్కును తప్పించెను.

అయినచో పంతులుగారు ఓడిరా? ఓడినది ప్రణాళిక, గెలిచినది ఆశయము. తెలుగున చెప్పరాని శాస్త్రము లేదను నమ్మకమును వారు నాటిరి. 2003లో మొదలై, నేడు లక్షకు మించిన వ్యాసములతో ఎవరికైనను ఉచితముగా లభించు తెలుగు వికీపీడియా ఆ విత్తనపు మొక్కయే. అందు కృషి చేసినవారికి ఇచ్చిన పురస్కారమునకు కొమర్రాజువారి పేరు పెట్టుట ఎంతయు ఉచితము. ఒక్కని భుజములపై నిలువలేని బరువును పలువురు తలకొక పిడికెడు మోయుచున్నారు.

హూడి ప్రాంతమున స్థిరపడిన మన కుటుంబములకు ఇందు ఒక పాఠమున్నది. మన పిల్లలు కన్నడము నేర్చుట న్యాయము. ఆంగ్లము నేర్చుట అవసరము. తెలుగు మాటలాడుదురు గాని అక్షరము గుర్తింపలేరు. పండుగనాటి పద్యమొకటి కంఠస్థము చేయించి, తెలుగు నిలిచినదని మనము సంతసించుచున్నాము. పద్యము చాలదని పంతులుగారి జీవితము చెప్పుచున్నది. లోకజ్ఞానమునకు పనికిరాని భాషను పిల్లలు గౌరవింతురే గాని చదువరు. చుక్కలను గూర్చియో, చెట్లను గూర్చియో తెలుగున ఒక పుట చదివి, దానిని చెల్లెలికి చెప్పగల పిల్లవాడు ఇంటికొకడున్నచో, నాగపురమున వెలిగిన ఆ దీపము హూడిలో ఆరిపోదు.