ఆఫ్రికా మీసాల చేప: గుర్తింపు, పోషణ

చేపను పెంచదలచినవారు మొదట అది ఏ జాతిదో నిర్ధారించుకోవాలి. వినడానికి సులభంగా తోచే ఈ నియమం ఆఫ్రికా నదులలోని పెద్ద మీసాల చేప విషయంలో ఎంత చిక్కైనదో ద గ్రాఫ్, యాన్సెన్ రచించిన కరదీపిక చదివితే బోధపడుతుంది. ఉప-సహారా ఆఫ్రికాలో ఈ చేపకు కృత్రిమంగా పిల్లలు పుట్టించి చెరువులలో పెంచే విధానాన్ని వివరించే ఈ గ్రంథాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1996లో ప్రకటించింది.

ఈ చేప పేరు క్లారియస్ గారీపైనస్. ఇది 170 సెంటీమీటర్ల పొడవు, 60 కిలోల బరువు దాకా పెరగగలదు. దీనిని 1822లో వర్ణించిన బర్చెల్, ఆరెంజ్ నదికి స్థానికులు పెట్టుకున్న ‘గారీప్’ అనే పేరునే దీనికి చేర్చాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఉత్తర, మధ్య ఆఫ్రికాలలో దొరికిన దానిని లజేరా అనీ, తూర్పున దొరికిన దానిని మొజాంబికస్ అనీ వేరు జాతులుగా లెక్కించారు. ఈ ఉపప్రజాతిలో 1911లో బౌలెంజర్ ఐదు జాతులను గుర్తించగా, 1982లో ట్యూగల్స్ రెండింటినే నిలిపాడు: గారీపైనస్, అంగ్విల్లారిస్. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్న నియమం ప్రకారం లజేరా, మొజాంబికస్ రెండూ గారీపైనస్‌లో కలిసిపోయాయి. ఈ చరిత్రను గ్రంథకర్తలు క్లుప్తంగా, స్పష్టంగా చెప్పారు.

అయితే గుర్తింపు లక్షణాలు వర్గీకరణ శాస్త్రజ్ఞునికి చాలును గాని రైతుకు చాలవు. అంగిటి పళ్ళ వరుస ఆకారం, పై దవడ పళ్ళతో దాని నిష్పత్తి, మొదటి మొప్పపై దువ్వెన పళ్ళవలె ఉండే ముళ్ళ సంఖ్య – ఇవే ముఖ్యమైన ఆధారాలు. గారీపైనస్‌లో ఆ ముళ్ళు 24 నుంచి 110 వరకు ఉంటాయి. చేప పెరిగిన కొద్దీ వాటి సంఖ్యా పెరుగుతుంది. అంగ్విల్లారిస్‌లో అవి తక్కువ. కనుక ముళ్ళ లెక్క ఒక్కదానినే నమ్మితే చిన్న గారీపైనస్‌ను అంగ్విల్లారిస్ అని పొరబడవచ్చు. వేలెడు పిల్లలను కొనే రైతుకు ఈ పరీక్ష ఎలా సాధ్యం?

పోషణ ప్రకరణాలు మాత్రం మిక్కిలి ప్రయోజనకరమైనవి. మొప్పల పైగదిలో కాలీఫ్లవర్ వలె శాఖలు వేసిన అవయవం వల్ల ఈ చేప గాలిని నేరుగా పీల్చుకుంటుంది. అందుచేత బురదలోనూ బ్రతుకుతుంది. ఆడచేప పొట్ట నొక్కితే గుడ్లు వస్తాయి గాని మగచేప నుంచి వీర్యం అలా రాదు. దానిని చంపి వృషణాలు తీయవలసిందే. పిల్లలు ఒకదాని నొకటి తింటాయి గనుక పరిమాణాన్ని బట్టి వేరుచేస్తూ ఉండాలి. కప్పలు పిల్లలను తినకుండా చెరువుకు కంచె వేయాలి. ఇవన్నీ చేతితో చేసి తెలుసుకున్నవారి మాటలు.

గ్రంథం తన పరిధిని శీర్షికలోనే తెలిపింది: ఉప-సహారా ఆఫ్రికా. అక్కడ ఇది సొంత గడ్డమీది చేప. మన దేశంలో పరదేశి. వరదలో చెరువు గట్టు తెగితే కాలువలలో చేరి మన చేపలను, కప్పలను తినగలదు. అందుకే భారత ప్రభుత్వం 2000 నాటికే దీని పెంపకాన్ని నిషేధించింది. అయినా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో దీనిని చాటుగా పెంచడం, అధికారులు ఆ చేపలను నాశనం చేయించడం జరుగుతూ వచ్చాయి. మన మాగూర్ దీనికి దగ్గరి బంధువు కావడం వల్ల ఆ పేరుతో దీనిని అమ్మడమూ కద్దు. పేరు తప్పితే కలిగే నష్టం ఇక్కడ కంటికి కనబడుతుంది.

కాబట్టి మన పాఠకుడు ఈ గ్రంథాన్ని చేపల పెంపకానికి కాక, గుర్తింపు విద్యకు చదవాలి. ఒక జాతికి పేరు పెట్టడం ఎంత పరిశీలనతో కూడిన పనో విద్యార్థికి చూపడానికి దీని తొలి ప్రకరణం మంచి పాఠం.