ఆ చీము బకెట్లో పారబోయకండి

గడ్డ కనబడితే సర్జన్ చెయ్యి ఊరుకోదు. కోసి, చీము పిండి, కట్టు కట్టి, ఐదు రోజులకు బిళ్లలు రాసి పంపడం మేమంతా నేర్చుకున్న పద్ధతే. చాలా గడ్డలు దానికే లొంగుతాయి కూడా. నా పేచీ ఆ చీము ఎక్కడికి పోతుందన్న దాని మీదే. ట్రేలోంచి నేరుగా బకెట్లోకి పోతుంది. షుగరున్న మనిషి, వారాల తరబడి జ్వరం, వరిచేలో పని, స్కానింగులో కాలేయంలోనో ప్లీహంలోనో గడ్డలు: ఇవన్నీ ఒకచోట కలిస్తే మాత్రం ఆ చీము కాస్తయినా సీసాలో పట్టి కల్చర్‌కు పంపించేదాకా నేను వార్డు వదలను.

నా అనుమానం మెలియాయిడోసిస్ మీద. 2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాలప్పుడు ఈ పేరు మన పత్రికలకెక్కింది. జబ్బు మాత్రం పాతదే. రంగూన్‌లో శవపరీక్షలు చేస్తూ దీన్ని పట్టుకున్న విట్‌మోర్, కృష్ణస్వామి 1912లో ప్రకటించారు. విట్‌మోర్ పేరు జబ్బుకు అంటుకుంది, కృష్ణస్వామిని అందరూ మరిచారు. దీనికి కారణమైన బర్ఖోల్డేరియా సూడోమల్లై తడినేలలో, బురదనీళ్లలో బతికే క్రిమి. కాలి పగుళ్లగుండా లోపలికి పోతుంది. ఒంట్లో షుగరు అదుపు తప్పి ఉంటే ఇక దానికి అడ్డేముంది?

దీన్ని పట్టుకోవడం ల్యాబులో ఓపికున్న మనిషి పని. స్లైడు మీద గులాబీరంగు కడ్డీలు, రెండు కొసలూ ముదురుగా, నడుమ వెలవెలబోతూ, అచ్చం పిన్నీసుల్లా కనిపిస్తాయి. ప్లేటు మీద మొదటిరోజు చిన్న చుక్కలే. రెండు మూడు రోజులు ఆగితే అవే ఎండి ముడతలు పడతాయి. ఆగకుండా, బయటినుంచి పడిన చెత్త క్రిమి అని ప్లేటు పారేసే ల్యాబులున్నాయి. సూడోమోనాస్ అని రాసి పంపేవీ ఉన్నాయి. అలాంటి రిపోర్టు వచ్చినప్పుడు నేను కింది వరసలు చూస్తాను. జెంటమైసిన్‌కీ, కొలిస్టిన్‌కీ లొంగకుండా ఆగ్మెంటిన్‌కు లొంగిందని ఉంటే వెంటనే ల్యాబుకు ఫోను చేస్తాను. ప్లేటు మూత తీసి వాసన చూసే పాత అలవాటు కొందరికింకా ఉంది. ఈ క్రిమి దగ్గర అది ప్రాణాల మీదికి తెస్తుంది, ఊపిరితో లోపలికి పోతుంది మరి.

పేరు తెలిశాక మందు తేలికే, ఓర్చుకోవడమే కష్టం. థాయ్‌లాండ్‌లోని ఉబోన్ రాచథానిలో చేసి 1989లో ప్రచురించిన పరీక్షలో సెఫ్టాజిడిమ్ ఇచ్చిన తీవ్ర రోగుల్లో మరణాలు పాత మందులతో ఉన్న 74 శాతం నుంచి 37కి తగ్గాయి. నేటికీ అదో, మెరోపెనెమో కనీసం రెండు వారాలు నరంలోకి ఎక్కించాలి. లోపలి గడ్డలుంటే నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. సరైన మందు పడుతున్నా జ్వరం వారం పైనే ఉంటుంది. నాలుగోరోజుకల్లా బంధువులు “మందు మార్చండి సార్” అంటూ చుట్టుముడతారు. మార్చకుండా నిలబడటమే నా దృష్టిలో ఈ వైద్యంలో అసలు పనితనం. ప్లీహంలోని చిన్న చిన్న గడ్డల జోలికి సూదితో పోను, మందుకే కరుగుతాయి. కాలేయంలో పెద్దది ఒకటుంటే గొట్టం వేయిస్తాను. మగవాళ్లలో ప్రోస్టేట్ గడ్డ దాక్కుని ఉంటుంది కాబట్టి పొత్తికడుపు కిందిదాకా స్కానింగు తీయించందే ఊరుకోను.

డిశ్చార్జి రోజున రెండో యుద్ధం. “చీము తీసేశారు, జొరం తగ్గిపోయింది, ఇంకా ఈ బిళ్లలెందుకండీ?” అంటాడు పెద్దాయన. కోట్రైమాక్సజోల్ కనీసం మూడు నెలలు వాడాలి, మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. చవక బిళ్లే గానీ అమాయకమైంది కాదు. దద్దుర్లు తెస్తుంది, పొటాషియం పెంచుతుంది, మూత్రపిండాల మీద కన్నేసి ఉంచాలి. అందుకే రక్తపరీక్షలకు రమ్మంటాను. రాకపోతే కొడుక్కి ఫోను చేస్తాను.

దమ్ములోకి దిగేటప్పుడు బూట్లేసుకోమని కూడా చెబుతాను. “బూటు బురదలోనే ఉండిపోద్దండీ, కాలొక్కటే పైకొస్తది” అని నవ్వుతాడు. పొలం పని తెలిసిన మనిషితో ఏం వాదిస్తాం? పుండున్న కాలితో మాత్రం దిగొద్దని, షుగరు బిళ్ల మానొద్దని చెప్పి చీటీ చేతిలో పెడతాను.